తాము కట్టి తామే పాడినవారు: వినదగిన కొన్ని పాటల సంపుటములు

పాటకు మూడు అంగములు కలవు: మాట, వరుస, గొంతు. ఈ మూడింటిని ముగ్గురు వేర్వేరుగా సమకూర్చుట నేడు మనకు అలవాటైన పద్ధతి. చలనచిత్రపు పాటను ఒకరు వ్రాయుదురు; ఒకరు వరుస కట్టుదురు; వేరొకరు పాడుదురు; తెరపై పెదవులు కదుపువారు నాలుగవవారు. ఇట్టి పాటలలో మేలైనవి పెక్కులు కలవు. వానిని తక్కువ చేయుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. అయితే మాటను కూర్చినవారే వరుసను కట్టి, దానిని తమ గొంతుననే పాడినపుడు ఆ పాటకు వేరొక విధమైన విలువ కలుగుచున్నది. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమునందు మాటకు 'మాతువు' అనియు, వరుసకు 'ధాతువు' అనియు పేరిడి, ఈ రెండింటిని తానే కూర్పగలవానిని వాగ్గేయకారుడని చెప్పెను. ఇంగ్లీషువారు ఇట్టివారినే సింగర్ సాంగ్‌రైటరులందురు. పేర్లు వేరైనను పని యొకటియే.

"ఇంగ్లీషు పాటలు వినవలెనన్న ఏవి వినవలెను? రాక్ సంగీతమనగా నేమి? అది వట్టి రొద కాదా?" అని విద్యార్థులును వారి తల్లిదండ్రులును తరచుగా అడుగుచుందురు. ఆ ప్రశ్నలకు సమాధానముగా, తాము కట్టిన పాటలను తామే పాడిన కొందరిని, వారి సంపుటములను ఇచ్చట పరిచయము చేయుచున్నాము. అయితే దూరదేశపు పాటలకు పోకముందు మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల చెంత ఒకింతసేపు నిలువవలసి యున్నది. ఏలయనగా, పాడినవాని గొంతు నిలిచియుండుట ఎంతటి భాగ్యమో, అది నిలువకపోవుట ఎంతటి నష్టమో మనకు తెలిసినంతగా వేరొకరికి తెలియదు.

1. రాయి, రాగి, రికార్డు

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. అచ్చటి వీరభద్రాలయము 16వ శతాబ్దమున, విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరుల పూనికవలన వెలసినది. నాట్యమండపపు స్తంభములపై రంభ నాట్యమాడుచుండగా బ్రహ్మ, తుంబురుడు, నందికేశ్వరుడు మొదలగువారు వాద్యములు వాయించుచున్నట్లు శిల్పులు చెక్కిరి. వాద్యముల రూపు, వాయించువారి భంగిమ చక్కగా తెలియుచున్నవి. కాని ఆ మండపమున ఆనాడు మ్రోగిన పాటను ఆ రాయి మనకు వినిపింపజాలదు. రాయి రూపమును మాత్రమే కాపాడినది.

పెనుకొండ కథ ఇంతకంటె గొప్పది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) మన భాషలోని తొలి గొప్ప వాగ్గేయకారుడు. ఆయన మనుమడగు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రమునందు పెనుకొండలో జరిగిన యొక సంగతి కలదు. సాళువ నరసింగరాయలు అన్నమయ్యను తన కొలువునకు పిలిపించి, వేంకటేశ్వరునిపై ఆయన కట్టిన శృంగార కీర్తనమును విని మిగుల నానందించి, తనపై గూడ అట్టి పాట నొకదానిని చెప్పుమనెను. అన్నమయ్య చెవులు మూసికొని, హరిని పొగడిన నోట నరుని పొగడనని పలికెను. రాజు కోపించి ఆయనను సంకెలలో నుంచెను. ఆయన తన స్వామిని పాడగా సంకెలలు ఊడిపడెననియు, రాజు పశ్చాత్తాపపడెననియు ఆ కావ్యము చెప్పుచున్నది.

ఈ కథలో మన విషయమునకు కావలసినది ఒకటి కలదు. పాట కట్టువాడు తన మాటకు తానే యజమానుడు. ఏది పాడవలెనో, ఏది పాడరాదో నిర్ణయించుకొను అధికారము అతనిది. పాడువాడు వేరు, కట్టువాడు వేరు అయినచోట ఈ అధికారము చెదరిపోవును.

అన్నమయ్య పాటలను ఆయన కుమారుడగు పెదతిరుమలాచార్యుల కాలమున రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని యొక రాతి అరలో భద్రపరచిరి. దానికి సంకీర్తన భాండారమని పేరు. ఆయన ముప్పది రెండు వేల పాటలు చెప్పెనని ప్రసిద్ధి; మనకు దక్కినవి పండ్రెండు వేలకు పైబడినవి. శతాబ్దములపాటు మరుగుననున్న ఆ రేకులు 1922 ప్రాంతమున వెలికివచ్చినవి. ప్రతి పాటకును రాగము పేరు చెక్కియున్నది; కాని స్వరములు లేవు. అనగా మాతువు నిలిచినది, ధాతువు పోయినది. గొంతు సంగతి చెప్పనక్కరలేదు. రాగి మాటను మాత్రమే కాపాడినది.

ఆ లోటును తీర్చుటకు పూనుకొన్నవారిలో ముఖ్యులొకరు మనవారే. కంబదూరు దాపునగల రాళ్లపల్లిలో 1893లో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించి, 1950 తరువాత తిరుపతిలో అన్నమయ్య పాటలను పరిష్కరించి, పెక్కింటికి స్వరములు కూర్చిరి. 1974లో మద్రాసు సంగీత అకాడమీవారు ఆయనకు సంగీత కళానిధి బిరుదము నిచ్చిరి. నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటలలో మాట అన్నమయ్యది. వరుస రాళ్లపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు పెద్దలది.

ధర్మవరమును ఇంటిపేరుననే మోసిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో నాటకములు వ్రాసి, వానిలో పాటలను చేర్చి, తానే వేషము ధరించి ఆడి ఆంధ్రనాటక పితామహుడని పేరొందెను. నాటకములు అచ్చులో నిలిచినవి. ఆయన రంగస్థలముపై నిలిచిన తీరు, పలికిన తీరు అచ్చున కెక్కలేదు.

ఇక రికార్డు సంగతి. 1877లో అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. పదేండ్లకు బెర్లినర్ అనునాతడు బల్లపరుపు పళ్లెముపై ధ్వనిని గీయు గ్రామఫోనును రూపొందించెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు పట్టిరి. ఆమె పాట ముగియగనే తన పేరును ఇంగ్లీషున చెప్పుకొనెడిది. మన వాగ్గేయకారులు చివరి చరణమున ముద్ర నుంచుటవంటిదే ఈ పని. ఆ నాటినుండి మన దేశమున మాట, వరుస, గొంతు మూడును కలిసి నిలుచుటకు వీలు కలిగినది. రాయికిని రాగికిని చేతకాని పనిని మైనపు పూత, లక్క పళ్లెము చేసినవి.

2. సంపుటమనగా నేమి?

పాత గ్రామఫోను పళ్లెము నిమిషమునకు 78 సార్లు తిరిగెడిది; ఒక ప్రక్కన మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. పెద్ద రచన యైనచో నాలుగైదు పళ్లెములను అట్టసంచులలో నుంచి, పుస్తకమువలె కుట్టి అమ్మెడివారు. అది ఛాయాచిత్రముల ఆల్బమువలె నుండుటచే దానికిని ఆల్బమను పేరే వచ్చినది. 1948లో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు ముప్పది మూడుంబావు కంటె కొంచెము ఎక్కువగా తిరుగు లాంగ్ ప్లే రికార్డును తెచ్చిరి. దానిపై ప్రక్క కొక్కింటికి ఇరువది నిమిషములకు పైగా పట్టెను. పది పండ్రెండు పాటలు ఒకే పళ్లెమున కుదిరినవి. పళ్లెము పోయి క్యాసెట్టు, అది పోయి సీడీ వచ్చినను, నేడు సెల్ ఫోనులో వినుచున్నను ఆల్బమను మాట మాత్రము నిలిచినది. దానినే ఇచ్చట సంపుటమనుచున్నాము.

ధర్మవరపు నేతను ఎరిగినవారికి దీనిని వివరించుట సులభము. పట్టుచీరలో పడుగు, పేక యున్నట్లే పాటలో మాట, వరుస యుండును. ఒక్కొక్క పాట ఒక్కొక్క బుటా వంటిది. కాని బుటాను మాత్రము కత్తిరించి చూపిన చీర అందము తెలియునా? ఒడలు, అంచు, కొంగు అన్నియు కలిసిననే చీర. మంచి పాటకర్త ఏ పాట ముందుండవలెనో, ఏది వెనుక నుండవలెనో, ఏ పాటతో మొదటి ప్రక్క ముగియవలెనో ఆలోచించి సంపుటమును నేయును. ఫోనులో అర నిమిషమున కొకటిగా పాటలను మార్చుకొనుచు వినువానికి ఈ నేత కానరాదు.

3. రాక్ అనగా నేమి?

రాక్ అండ్ రోల్ అను సంగీతము 1950ల దశకమున అమెరికాలో ప్రబలినది. నల్లజాతివారి బ్లూస్ పాటలు, వారి ప్రార్థనామందిరముల గానము, పల్లెలలోని తెల్లవారి కంట్రీ పాటలు కలిసి ఇది పుట్టినది. విద్యుత్తుతో మ్రోగు గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు దీనికి ముఖ్య వాద్యములు. లయ సామాన్యముగా నాలుగు లెక్కలది. మన చతురశ్ర నడకవంటిదే. అయితే మనము తాళమున మొదటి లెక్కను గట్టిగా వేయుదుము. వారు రెండవ లెక్కను, నాలుగవ లెక్కను బిగించుదురు. క్రొత్తవారికి అది తూగినట్లు, కుదిపినట్లు తోచుటకు ఇదియే ముఖ్య కారణము. ఈ యొక్క భేదమును గుర్తించి చేతితో లెక్క వేయుచు విన్నచో రొద యనుకొన్నది లయయని తెలియగలదు.

ఈ సంగీతపు తొలి పెద్దలలో చక్ బెరీ యొకడు. తన పాటలను తానే వ్రాసి, గిటారు వాయించుచు పాడెను. 1977లో అమెరికావారు అంతరిక్షమునకు పంపిన వాయేజర్ నౌకలు రెండింటిలోను బంగారు పూతగల రాగిపళ్లె మొక్కొక్కటి యున్నది. భూలోకపు ధ్వనులను, పాటలను దానిపై గీసిరి. అందు చక్ బెరీ 1958 నాటి పాటయు, మన దేశపు కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవియు కలవు. తిరుమల రాగిరేకులకు దక్కని గొంతు ఈ రాగిపళ్లెములకు దక్కినది.

4. వినదగిన ఆరు సంపుటములు

మొదటిది: రాబర్ట్ జాన్సన్, 'కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్' (1961). జాన్సన్ మిసిసిపీ రాష్ట్రపు బీద నల్లజాతి గాయకుడు. ఊరూర తిరుగుచు పాడెడివాడు. 1936 నవంబరులో సాన్ ఆంటోనియోలోను, 1937 జూనులో డాలస్‌లోను కంపెనీవారు ఆయన పాటలను పట్టిరి. మొత్తము 29 పాటలు. 1938 ఆగస్టున ఇరువది యేడేండ్ల వయస్సున ఆయన మరణించెను. లోకము మరచిపోయిన ఆ పాటలలో పదునారింటిని 1961లో లాంగ్ ప్లే రికార్డుగా వేయగా, వానిని విని అమెరికాలోను ఇంగ్లండులోను ఒక తరము పాట నేర్చినది. ఆయన గిటారును విన్నవారు ఇద్దరు వాయించుచున్నారని భ్రమపడుదురు. ధ్వని పాతది, గరగరలాడును, ఓపికతో వినవలెను. ఆ రెండు ఊళ్లలో ఆ కొలది దినములు జరిగియుండనిచో ఈ మనుష్యుని పాట మన అన్నమయ్య గొంతువలెనే పోయియుండెడిది. అందుచేతనే దీనిని మొదట నుంచితిమి.

రెండవది: బాబ్ డిలన్, 'ది ఫ్రీవీలిన్ బాబ్ డిలన్' (1963). చాలవరకు ఒక గిటారు, ఒక మౌతార్గను, ఒక గొంతు. ఆ గొంతు ఇంపైనది కాదని మొదట తోచును. మాటను అతడు నిలుపుచోటును, విరుచుచోటును గమనించిన కొలది దాని బలము తెలియును. ఇందలి మొదటి పాట 'బ్లోయిన్ ఇన్ ది విండ్'. దాని వరుస బానిసలు పాడుకొనిన యొక పాత పాటనుండి వచ్చినది. 'ఎ హార్డ్ రెయిన్స్ ఎ గొన్నా ఫాల్' అను పాట, తల్లి అడుగుట, కొడుకు చెప్పుట అను పాత జానపదగేయపు చట్రమున బిగించినది. ప్రశ్నయు బదులుగా సాగు మన పల్లెపాటలను ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. ప్రాతచట్రమున క్రొత్త మాటను కూర్చుట ఎట్లో ఈ సంపుటము నేర్పును. 2016లో డిలన్‌కు సాహిత్యమున నోబెలు బహుమానము లభించినది.

ఇతని విషయమున పెనుకొండ కథను జ్ఞప్తికి దెచ్చు సంగతి యొకటి కలదు. 1963 మే 12వ తేదీన న్యూయార్కులో ఎడ్ సల్లివన్ అనునాతని టెలివిజన్ కార్యక్రమమున డిలన్ పాడవలసియుండెను. దేశమున ప్రతివానిని ద్రోహియని అనుమానించువారిని ఎగతాళి చేయు పాట నొకదానిని అతడు ఎంచుకొనెను. అధికారులు అది వలదనిరి, వేరొకటి పాడుమనిరి. అతడు వేరొకటి పాడక వెడలిపోయెను. అప్పటికి అతని వయస్సు ఇరువది యొక్క సంవత్సరము. అచ్చట సంకెలలు లేవు. కోట్లాది ప్రేక్షకుల ఎదుట పాడు అవకాశము చేజారినది. అన్నమయ్యది భక్తి, డిలన్‌ది పౌరస్వాతంత్ర్యము. తన నోటిమాటను ఇతరుల ఇష్టమునకు విడువకుండుట ఇరువురికిని సమానము.

మూడవది: బీటిల్స్, 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బాండ్' (1967). లివర్‌పూలు నగరపు నలుగురు యువకుల బృందమిది. తమ పాటలను తామే కట్టుకొను అలవాటును రాక్ బృందములలో వ్యాపింపజేసిన వారిలో వీరు అగ్రగణ్యులు. నాలుగు జాడల యంత్రముపై ఒక జాడమీద మరియొక జాడ చేర్చుచు అయిదు మాసములు శ్రమించి దీనిని రూపొందించిరి. పాటల మాటలన్నింటిని అట్ట వెనుక అచ్చొత్తించిరి. రాక్ సంపుటములకు అంతకుముందు ఈ వాడుక లేదు. రెండవ ప్రక్క మొదటి పాట జార్జి హారిసన్‌ది. రవిశంకర్ వద్ద సితారు నేర్చుకొనిన హారిసన్, లండనులోని భారతీయ వాద్యకారులతో తంబుర, తబల, దిల్‌రుబా మ్రోగుచుండగా దీనిని పాడెను. మన సంగీతమును వారు ఎంతవరకు పట్టిరో విద్యార్థులు తామే విని తీర్పు చెప్పవలెను.

నాలుగవది: కేరొల్ కింగ్, 'టాపెస్ట్రీ' (1971). ఈమె పదునెనిమిదవ యేటనే జెర్రీ గాఫిన్ వ్రాసిన మాటలకు వరుస కట్టి, నలుగురు బాలికల బృందమునకు 'విల్ యు లవ్ మి టుమారో' అను పాట నిచ్చినది. 1960లో అది వేగముగా, హుషారుగా వెలువడినది. పదేండ్ల పిమ్మట అదే పాటను ఈ సంపుటమున తానే పియానో వాయించుచు, నెమ్మదిగా పాడినది. మాటలలో దాగిన బెంగ అప్పుడు పైకి వచ్చినది. రెండింటిని ఒకదాని వెనుక ఒకటి వినుడు. కట్టినవారు పాడుటకును ఇతరులు పాడుటకును గల భేదమును ఇంతకంటె చక్కగా చూపు ఉదాహరణము లేదు.

అయిదవది: జోనీ మిచెల్, 'బ్లూ' (1971). కెనడా దేశపు ఈమెకు తొమ్మిదవ యేట పోలియో వ్యాధి సోకి ఎడమచేయి బలహీనమైనది. గిటారు తంతులను మామూలు పద్ధతిలో నొక్కుట కష్టమగుటచే తంతుల శ్రుతులనే మార్చుకొని తన వాద్యమును తన చేతికి తగినట్లు దిద్దుకొనెను. ఆ మార్పులవలననే ఆమె వరుసలు ఎవరి వరుసలకును పోలికలేనివైనవి. లోపమును నేర్పుగా మార్చిన తీరు మన పిల్లలు తెలిసికొనదగినది. ఈ సంపుటమున పది పాటలు కలవు; అన్నియు ఆమె సొంత జీవితమునుండి తీసినవే.

ఆరవది: ట్రేసీ చాప్‌మన్, 'ట్రేసీ చాప్‌మన్' (1988). క్లీవ్‌లాండు నగరపు బీదయింట పెరిగిన నల్లజాతి యువతి ఈమె. 1988 జూను 11వ తేదీన, అప్పటికి చెరసాలలోనున్న నెల్సన్ మండేలా డెబ్బదవ జన్మదినమును పురస్కరించుకొని లండనులోని వెంబ్లీ మైదానమున గొప్ప సభ జరిగినది. ఒక ప్రసిద్ధ గాయకుని వాద్య సామగ్రిలో ముఖ్యమైన భాగము కానరాక ఆయన పాట ఆలస్యము కాగా, అంతకుముందే పాడి దిగిన ఈమెను మరల వేదిక నెక్కించిరి. ఒక్క గిటారుతో అంతటి జనమును నిశ్శబ్దముగా నిలిపినది. ఆమె పాడిన 'ఫాస్ట్ కార్' బీదరికమునుండి పారిపోజూచు యొక యువతి కథ. 2023లో వేరొక గాయకుడు అదే పాటను పాడగా కంట్రీ సంగీత సంఘమువారు ఆ సంవత్సరపు ఉత్తమగీత బహుమానమును పాట కట్టిన చాప్‌మన్‌కే యిచ్చిరి. ఆ బహుమానము పొందిన మొదటి నల్లజాతి గీతకర్త ఈమెయే. ముప్పది యయిదేండ్ల తరువాతను పాట తన కర్తను మరువలేదు. ఇంగ్లీషు క్రొత్తగా నేర్చువారు ఈ సంపుటముతోనే ప్రారంభింపవచ్చును. ఉచ్చారణ స్పష్టము, మాటలు సులభములు.

పై తరగతుల విద్యార్థులకు వేరొకటి చెప్పవలెను. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో తన బృందమునకు చూపుటకై ఇంటిలోనే నాలుగు జాడల క్యాసెట్టు యంత్రముపై కొన్ని పాటలను ఒంటరిగా పాడి యుంచెను. పిమ్మట బృందముతో అవే పాటలను పాడిచూడగా ఆ మొదటి జీవము రాలేదు. కావున ఆ ఇంటి క్యాసెట్టునే 'నెబ్రాస్కా' యను పేర వెలువరించిరి. కథలు చీకటివి; పసివారికి తగవు. అయితే గొప్ప యంత్రములు లేనిదే పాట పుట్టదని అనుకొనువారికి ఇది మంచి జవాబు.

5. మన భాషలో

తెలుగున ఇట్టివారు లేరా యని అడుగవచ్చును. కలరు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) మాటయు వరుసయు తామే కూర్చిన లలితగీతకర్త. 1947 ఆగస్టు 15వ తేదీ స్వాతంత్ర్యపు వేళ మద్రాసు ఆకాశవాణినుండి టంగుటూరి సూర్యకుమారి పాడిన పాట ఆయనదే. ఆయన వ్రాసిన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రమునకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఈ వ్యాసమును చదివి మరికొంత తెలిసికొనగోరువారు ఆ గ్రంథమును చదువవలెను.

ఎమ్. ఎస్. రామారావుగారు (1921–1992) చలనచిత్రములలో పాడిన తరువాత 1970ల దశకమున సుందరకాండను సులభమైన తెలుగు మాటలలో తామే వ్రాసి, తామే పాడిరి. అక్షరము రానివారును దానిని విని కంఠస్థము చేసిరి. సంపుటమును ఆదినుండి అంతమువరకు వినుట అను అలవాటును తెలుగు ఇండ్లలో నాటిన వానిలో ఇది యొకటి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) డెబ్బది రెండు మేళకర్త రాగములందును కృతులు రచించిరి. ఆయన తిల్లానాలను ఆయన గొంతుననే వినవలెను; లయ ఎంత ఆటగా నుండునో తెలియును. గోరటి వెంకన్నగారు పాలమూరు పల్లెల మాటను పాటగా కట్టి పాడుచున్నారు. 2021 సంవత్సరమునకు ఆయన 'వల్లంకి తాళము' సాహిత్య అకాడమీ బహుమానమును పొందినది. పల్లె వృత్తులు ఎట్లు చితికిపోయెనో ఆయన పాడిన పాటను విన్న నేతపనివాడు గాని, రైతు గాని అది తన ఇంటి సంగతియే యనుకొనును.

అన్నమయ్యను వినగోరువారికి ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మిగారు 1979–80 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రోత్సాహముతో పాడిన 'బాలాజీ పంచరత్నమాల' యను అయిదు రికార్డుల వరుస మంచి మొదలు. వరుసలు కర్తవి కావని జ్ఞప్తియందుంచుకొనియే వినవలెను. అట్లు విన్నపుడు పోయినదెంతో, దక్కినదెంతో కూడ మనసునకు తోచును.

6. వినవలసిన విధము

సంపుటమును మూడుసార్లు వినవలెను. మొదటిసారి మాటలను చూడక, మొదటినుండి చివరివరకు వరుసగా వినుడు. రెండవసారి మాటలను కాగితముపై నుంచుకొని, తెలియని పదములను నిఘంటువున చూచుచు వినుడు. మూడవసారి ఏదేని ఒక్క వాద్యమునే అనుసరించి వినుడు. పిదప నచ్చిన పాట నొకదానిని ఎంచుకొని, కర్త ఎవరు, ఏ యూరివారు, ఏ సంవత్సరమున, ఏ కారణమున కట్టిరి అను నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనుడు. ఇంగ్లీషు భాషయు, భూగోళమును, చరిత్రయు ఈ యొక్క అభ్యాసమువలన కొంత కొంత అలవడును.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ దేశముల పాటలలో పసివారికి తగనివి కూడ కలవు. అందుచేత అన్నింటిని నిషేధించుట గాని, అన్నింటిని విడిచిపెట్టుట గాని మేలు కాదు. నెలకొక సంపుటమును పిల్లలతో కూర్చుండి వినుడు. ఈ పాట ఏమి చెప్పుచున్నదని వారిని అడుగుడు. పిల్లవాడు అర్థము చెప్పజాలని పాటను వాడు ఇంకను వినలేదన్నమాట. చెవిలో గొట్టములు పెట్టుకొని ఒంటరిగా వినుటకంటె పదిమందిలో కూర్చుండి వినుట చెవికిని బుద్ధికిని మంచిది.

7. మనము చేయవలసిన పని

2022లో జిల్లాలు విడిపోయి మన మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను పల్లెలలోని పాటలు మారలేదు. చెక్కభజనలు, కోలాటపు పాటలు, పెండ్లిపాటలు, వేరుసెనగ చేలలో కలుపు తీయువేళ పాడు పాటలు ఇంకను పెద్దల నోట మిగిలియున్నవి. వీనిలో కొన్నింటికి కర్తలు ఆ యూరివారే. వారి పేరు ఏ పుస్తకమునను లేదు. వారితోనే పాట పోవును. లేదా పాట నిలిచి పేరు పోవును.

రాబర్ట్ జాన్సన్ పాట నిలుచుటకు కంపెనీవారు యంత్రములు మోసికొని రావలసి వచ్చెను. మన విద్యార్థుల ఇండ్లలో నేడు అట్టి యంత్రము ఫోను రూపమున నున్నది. కావున ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన అవ్వను గాని, తాతను గాని, వీధిలోని భజనగురువును గాని ఆశ్రయించి, వారి అనుమతితో ఒక్క పాటను పట్టియుంచవలెను. పట్టునపుడు పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట కట్టినవారెవరో తెలిసినచో ఆ పేరు మొదటనే పలికించవలెను. గౌహర్ జాన్ తన పేరును తానే చెప్పుకొనినట్లు మన పెద్దలును చెప్పుకొనవలెను. పిమ్మట మాటలను కాగితముపై వ్రాసి, పాఠశాల గ్రంథాలయమున నుంచవలెను. ఫోను పోవచ్చును, పగులవచ్చును. కనుక రెండు మూడు చోట్ల ప్రతులుంచుట మరువరాదు.

నూరుగురు విద్యార్థులు ఒక్కొక్క పాటను తెచ్చినచో నూరు పాటలగును. వచ్చే సంవత్సరపు సంచికలో ఆ పాటల పట్టికను, కర్తల పేర్లతో, ఊళ్ల పేర్లతో అచ్చొత్తించుటకు వీలగును గాక.